శవాసనంలో కన్నీళ్లు వస్తే యోగా మానిపించాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అమ్మాయికి 15 ఏళ్లు, ఈసారి మెట్రిక్ పరీక్ష రాయాలి. ఏడాదిగా చీటికీమాటికీ విసుక్కుంటోంది, గదిలో తలుపు వేసుకుని కూర్చుంటోంది. ఏమైందని అడిగితే ‘ఏమీ లేదు’ అంటుంది. బడిలో టీచర్ చెప్పారని మూడు నెలలుగా యోగా చేయిస్తున్నాం. సూర్యనమస్కారాలు చక్కగా చేస్తుంది కానీ కోపం తగ్గలేదు. పైగా ఈమధ్య శవాసనంలో కళ్లు మూసుకున్నప్పుడు ఏడుస్తోంది. యోగా పడడం లేదా? మానిపించాలా? నేను కూడా తన పక్కన కూర్చుని చేయవచ్చా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు రాసిన వివరాలను బట్టి యోగా మానిపించవలసిన అవసరం కనిపించడం లేదు. చేయించే తీరును మాత్రం కొంత మార్చుకోవాలి. రోజంతా బడి, ట్యూషన్, ఫోను మధ్య పక్కకు నెట్టేసిన దిగులు, ఒళ్లు కదలకుండా పడుకుని మనసుకు వేరే పని లేకుండా పోయినప్పుడు పైకి రావడం తరచుగా జరిగేదే. ఆ కన్నీళ్లు యోగా వల్ల పుట్టినవి కావు, అంతకుముందే లోపల ఉన్నవి. అయితే, కళ్లు మూసుకోగానే ఏదైనా భయంకరమైన సంఘటన గుర్తుకు రావడం, వణుకు పుట్టడం, ఊపిరి అందకపోవడం వంటివి ఉంటే మాత్రం శవాసనం ఆపించి, డాక్టరుకు చూపించాలి. అవి లేకపోతే కళ్లు తెరిచే ఉంచి గోడపై ఒక చోట చూపు నిలపమనండి, వద్దనిపించిన క్షణంలో లేచి కూర్చోవచ్చని ముందే చెప్పండి.

కోపం తగ్గలేదన్న మీ నిరాశ గురించి కాస్త వివరంగా చెప్పాలి. భయానికీ కోపానికీ చప్పున స్పందించే అమిగ్డలా అనే మెదడు భాగం ఈ వయసులో చాలా చురుగ్గా ఉంటుంది. ఆ స్పందనను తూచి అదుపు చేసే ముందరి భాగం పూర్తిగా పరిణతి చెందడానికి దాదాపు 25 ఏళ్ల వయసు వరకు పడుతుంది. కాబట్టి మూడు నెలల ఆసనాలతో కోపం మాయమవుతుందని ఎవరైనా మాట ఇచ్చి ఉంటే అది అత్యాశే. కోపం వస్తున్న సంగతిని అది ముదిరేలోపే, అంటే దవడ బిగుసుకుంటున్నప్పుడో, గుండె దడదడలాడుతున్నప్పుడో పసిగట్టగలగడం మాత్రం సాధనతో అలవడుతుంది.

ఊపిరితో గుండె వేగం ఎలా మారుతుందో మీ అమ్మాయి తన చేతిమీదే చూసుకోవచ్చు. బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర రెండు వేళ్లు ఆనించి నాడి పట్టుకోమనండి. ఊపిరి నెమ్మదిగా పీల్చేటప్పుడు నాడి కొంచెం వేగం అందుకుని, వదిలేటప్పుడు మందగిస్తుంది. ఈ తేడా కౌమారంలో మరింత స్పష్టంగా తెలుస్తుంది. ఊపిరి వదిలే సమయం పీల్చే సమయం కంటే ఎక్కువగా ఉంటే, గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి పని బలపడుతుంది. సెకనుకో అంకె చొప్పున నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదిలితే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. రోజుకు పది నిమిషాలు చాలు. వేగంగా ఊపిరి తీసి వదిలే కపాలభాతి, భస్త్రిక వంటివి, ఊపిరి ఎక్కువసేపు బిగబట్టడం ప్రస్తుతానికి వద్దు. ఆందోళన ఉన్నవారికి అవి దడను పెంచవచ్చు, ఆస్తమా, మూర్ఛ ఉన్నవారు డాక్టరును అడగకుండా అసలు చేయకూడదు. నెలసరి రోజుల్లో ఒంటికి హాయిగా అనిపించినంత వరకు తేలికైనవి చేసుకోవచ్చు.

ఇక ‘ఏమీ లేదు’ అన్న జవాబు. చాలామంది తల్లిదండ్రులు దీన్ని దాపరికం అనుకుంటారు కానీ, లోపల ఉన్నదానికి పేరు తెలియకపోవడమే ఎక్కువసార్లు అసలు కారణం. మీ దగ్గరి పిల్లలు బడిలో ఒడియా, పుస్తకాల్లో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఈ మూడింటి మధ్య మనసు సంగతి చెప్పే మాటలు ‘మూడ్ బాగోలేదు’, ‘టెన్షన్’ అన్న రెండింటికి కుదించుకుపోతున్నాయి. మన ఇళ్లలో చిరాకు వేరు, ఉక్రోషం వేరు. బెంగ, గుబులు, అక్కసు, చిన్నబోవడం వేటికవే. స్నేహితురాలికి ఎక్కువ మార్కులు వచ్చిన రోజు కలిగినది కోపం కాదు, చిన్నబుచ్చుకోవడమని తెలిస్తే, ఆ సాయంత్రం తలుపు విసిరి కొట్టవలసిన పని తగ్గుతుంది. భావానికి సరైన పేరు పెడితే దాని ఉధృతి కొంత తగ్గుతుందని మనస్తత్వ పరిశోధనలూ చెబుతున్నాయి. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడినది మీ ఊళ్లో ఉంటూనే కాబట్టి, ఇంటి మాట విలువ మీకు నేను చెప్పనక్కరలేదు. శ్వాస సాధన అయ్యాక ఒంట్లో ఎక్కడ ఏమనిపించిందో, దాని పేరేమిటో ఒక్క వాక్యం నోటు పుస్తకంలో రాసుకోమనండి. ఆ పుస్తకం మీరు తెరవకూడదు. ‘యోగా చేస్తున్నావు కదా, ఇంకా ఈ కోపమేమిటి?’ అని కూడా అనకండి. ఆ ఒక్క మాటతో యోగా శిక్షగా మారిపోతుంది.

విసుగుకు శరీర కారణాలూ ఉంటాయి. ఈ వయసు ఆడపిల్లల్లో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత కిందే లెక్క. రక్తహీనతలో నీరసంతో పాటు చిరాకూ కనిపిస్తుంది. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర మింగుతోందో, బ్యాగులోనే మిగిలిపోతోందో కనుక్కోండి. రక్త పరీక్షతో పాటు అవసరమనిపిస్తే థైరాయిడ్ కూడా చూస్తారు. రాత్రి నిద్ర ఎనిమిది గంటలకు తగ్గకూడదు, మెట్రిక్ ఏడాది అయినా సరే.

రెండు వారాలకు మించి రోజంతా దిగులుగా ఉండడం, తిండి, నిద్ర బాగా తగ్గిపోవడం, ఇష్టమైన పనులు మానేయడం ఉంటే జిల్లా ఆసుపత్రిలో గానీ, బరంపురం వైద్య కళాశాలలో గానీ మానసిక వైద్యులకు చూపించండి. తనను తాను గాయపరచుకోవడం, బతకాలని లేదనడం కనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు, అమ్మాయిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి అయిన టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

పక్కన కూర్చుని చేయవచ్చా అని అడిగారు. తప్పకుండా కూర్చోండి. కాకపోతే ఆమె పడుకున్నంతసేపూ ఏడుస్తోందేమోనని ముఖం వంక చూడకుండా, మీ చాప మీద మీ ఊపిరి మీరు లెక్కపెట్టుకోండి.