కంచు విగ్రహం వెనక్కి వెళ్ళి చూడమను

చిట్టితల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

మీ స్కూలు ఏడో తరగతి పిల్లల్ని ఎగ్మోర్ మ్యూజియంకి తీసుకెళ్ళే పని నీ మీద పడిందని, నువ్వు టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చోళులెవరు, శాతవాహనులెవరు అన్నది చరిత్ర టీచరువి నీకే బాగా తెలుసు, ఆ జోలికి నేను రాను. అంబత్తూరు ఫౌండ్రీలో లోహం పోసి బతికినవాణ్ణి. వస్తువు ఎలా తయారైందో చూడడం ఒక్కటే నాకొచ్చు. అది మటుకు చెప్తాను.

ఏ మ్యూజియంలోనైనా పిల్లలు లోపలికి అడుగు పెట్టగానే పేరు పలక దగ్గరికి పరుగెత్తుతారు. ‘కంచు, 11వ శతాబ్దం’ అని నోట్సులో ఎక్కించుకుని, విగ్రహం వైపు సరిగ్గా చూడకుండానే పక్కదానికి పోతారు. టీచర్లూ అంతే, ఏమీ అనుకోకు. నువ్వు పేరు చివర్లో చెప్పు. ముందు ఇది దేనితో చేశారు, ఆ పదార్థంతో ఏ పని సులువు, ఏ పని కష్టం అని అడుగు. కష్టమైన పని ఎక్కడ జరిగిందో పిల్లలు పట్టుకున్నారంటే ఇక వాళ్ళని అక్కణ్ణించి కదిలించడమే నీకు కష్టం.

కంచు విగ్రహాల భవనం విడిగా ఉంటుంది. అక్కడికి ముందు తీసుకెళ్ళు, పిల్లలు అలిసిపోకముందే. తిరువాలంగాడు నటరాజు, తిరువెంగాడు అర్ధనారీశ్వరుడు, వడక్కుపనైయూరు సీతారామలక్ష్మణులు, వాళ్ళ పక్కన వంగి నిలబడిన చిన్న హనుమంతుడు చాలు. అన్నీ చూపించాలని ఆరాటపడకు.

పోత సంగతి వాళ్ళకి ఇలా చెప్పు. ముందు తేనెమైనం, గుగ్గిలం, నూనె కలిపి కాచి, ఆ ముద్దతో విగ్రహం మొత్తం చేస్తారు. నగలు, జంధ్యం, జడ పాయలు అన్నీ మైనంలోనే. దాని మీద మొదట మెత్తటి ఒండ్రుమట్టి పల్చగా పూస్తారు. వేలి ముద్ర కూడా అచ్చు పడేంత మెత్తటి మట్టి అది. ఆరాక ముతక మట్టి మందంగా పెట్టి, ఇనప తీగతో బిగిస్తారు. కాల్చితే మైనం కరిగి దారుల గుండా బయటికి కారిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొట్టాల్సిందే. అందుకే ఒక అచ్చుకి ఒక్కటే విగ్రహం. పోత చెడితే మళ్ళీ మైనం దగ్గర్నించి మొదలు. కుంభకోణం దగ్గర విగ్రహాలు పోసే ఊరు స్వామిమలైలో ఇప్పటికీ ఇదే పద్ధతి. మైనం బొమ్మని తూచి, దానికి సుమారు తొమ్మిది రెట్ల లోహం సిద్ధం చేసుకోవాలి. కంచు మైనం కన్నా అన్ని రెట్లు బరువు మరి. ఈ లెక్క పిల్లల చేతే వేయించు.

ఇక నా వృత్తి మాట ఒకటి. దక్షిణాది ఉత్సవ విగ్రహాలు దాదాపు అన్నీ ఘనంగా పోసినవే, లోపల బోలు ఉండదు. చూసేవాళ్ళకి ఇందులో విశేషం ఏమీ తోచదు. పోతపోసేవాడికి గుండె దడ. లావుగా ఉన్న చోట లోహం ఆఖర్న గడ్డకడుతుంది, కడుతూ కుంచించుకుపోతుంది, పైన గుంట పడుతుంది. సన్నటి వేలి కొసలో ఇంకో బాధ. లోహం అక్కడికి చేరకముందే చల్లబడిపోతుంది, లేదా గాలి ఇరుక్కుని బుడగలా నిలిచిపోతుంది. తొడా, చిటికెనవేలూ ఒకే పోతలో, ఒకేసారి రావాలి. మేం రైజర్లు, అంటే కుంచించుకునే చోటికి అదనపు లోహం అందించే నిల్వలు, పెట్టి, గేజీలు చూసుకుంటూ పోసినా క్యాస్టింగులు తిరిగొచ్చేవి. కట్టెల బొగ్గు, కొలిమి తిత్తి, కంటి చూపు తప్ప ఇంకేమీ లేనివాళ్ళు ఆ నటరాజుని ఒంటికాలి మీద నిలబెట్టారు. నేను అక్కడికి వెళ్ళినప్పుడల్లా ముందు ఆ చీలమండ దగ్గరే ఆగుతాను. దేవుడికి దండం ఆ తరవాతే. మీ పెద్దమ్మకి ఇది నచ్చదు.

పిల్లల్ని విగ్రహం వెనక్కి పంపు. ముందువైపు అందరూ చూసేదే. ఊరేగింపులో పూలదండలూ పట్టుబట్టలూ కప్పేస్తాయని తెలిసి కూడా వీపు మీద జడ పాయల్ని, హారం ముడిని ఎంత శ్రద్ధగా చేశాడో అక్కడ తెలుస్తుంది. గీతల అంచులు మెత్తగా, గుండ్రంగా ఉంటే ఆ పని మైనంలో జరిగింది. పదునుగా, కోసినట్టు ఉంటే పోత తరవాత ఉలితో చెక్కింది. పాత చోళుల పనిలో మొదటి రకం ఎక్కువ. పీఠం కింద రంధ్రాలో, కొక్కాలో కనబడతాయి. అవి మోసే కర్రలకి, కట్టే తాళ్ళకి. రాముడి పైకెత్తిన ఎడమచెయ్యి ఖాళీగా ఎందుకుందో నువ్వు చెప్పకు, వాళ్ళనే అడుగు. ముక్కూ పెదవులూ అరిగినట్టుంటే అది ఏళ్ళ తరబడి అభిషేకాలు చేసి, తోమిన అరుగుదల. చిలుములోనూ తేడా ఉంది. గట్టిగా అంటుకున్న ముదురు ఆకుపచ్చ లోహానికి తొడుగు లాంటిది, దానివల్ల భయం లేదు. పిండిలా రాలే లేతపచ్చ కనబడితే మాత్రం లోపల క్లోరైడు లోహాన్ని తింటోందని అర్థం. ఉప్పుగాలి, తేమ ఉన్న మన చెన్నైలో అలాంటి విగ్రహాల్ని కాపాడడం మామూలు పని కాదు.

అక్కణ్ణించి అమరావతి బౌద్ధ స్తూపం రాళ్ళ దగ్గరికి. మన పల్నాటి రాయి అని నువ్వు కొంచెం గర్వంగా చెప్పుకో, తప్పులేదు. చాలామంది పాలరాయి అంటారు గానీ అది సున్నపురాయి. రేణువు సన్నం, ఉలికి లొంగుతుంది. అందుకే అరచేతి వెడల్పులో అన్ని తలలు, అన్ని పూసలు. తరవాత నల్లరాతి శిల్పాల దగ్గర ఆపి, ఇక్కడ అంత సన్నటి పని ఎందుకు తక్కువో పోల్చి చూడమను. అది చెక్కేవాడి చేతకానితనం కాదు, రాయి గట్టిదనం.

సున్నపురాయి కావడమే దాని ప్రాణం మీదికి తెచ్చింది కూడా. ఆ పలకల్ని కాల్చి సున్నం చేసుకున్నవాళ్ళున్నారు. సర్వే చేసే బ్రిటిష్ అధికారి కాలిన్ మెకెంజీ 1797లో చూసినవాటిలో ఎన్నో తరవాత కనబడకుండా పోయాయి. మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వి తీసినవి మద్రాసు చేరాయి, వాటిలో చాలావరకు 1859లో లండన్‌కి ఓడెక్కాయి.

వెళ్ళే ముందురోజు క్లాసులో ఒక పని చేయించు. కడప రాయి ముక్క ఒకటి తెప్పించు, అదీ సున్నపురాయే. దాని మీద నిమ్మరసం ఒక చుక్క వేసి, కాసేపాగి తుడవమను. నున్నటి చోట తెల్లబారిన మచ్చ పడుతుంది. ఆ మచ్చని చూశాక ‘ముట్టుకోవద్దు’ అని నువ్వు అరవక్కర్లేదు. ఇంకో ముక్క మైనం ఇచ్చి చిన్న ఏనుగు చేయమను. తొండం కొస దగ్గర వాళ్ళ తిప్పలు చూడు, మర్నాడు నటరాజు వేళ్ళని వాళ్ళే వెతుక్కుంటారు.

నాణేలు, ఆయుధాలు, తిమింగలం ఎముకలు ఈసారికి వదిలెయ్. ఎముకల కోసం ఎలాగూ గొడవ చేస్తారు, ఆఖర్న పది నిమిషాలు ఇవ్వు. పెన్నులు వద్దు, పెన్సిళ్ళే. ఫొటోలు తీయనివ్వకు. ఒక్కొక్కళ్ళూ ఒక్క చెయ్యో, ఒక్క పాదమో బొమ్మ గీస్తే చాలు. బొమ్మ బాగుందా లేదా అని మార్కులు వేయకు.

శుక్రవారం మ్యూజియంకి సెలవు, తేదీ ఖాయం చేసే ముందు చూసుకో. వచ్చే ఆదివారం నాకు ఖాళీయే. పొద్దున్నే పాంథియన్ రోడ్డు గేటు దగ్గరికి రా, పిల్లలు లేకుండా ఇద్దరం ఒకసారి తిరిగి, ఎక్కడెక్కడ ఆపాలో గుర్తులు పెట్టుకుందాం. మోకాళ్ళ నొప్పి కదా, నేను మెల్లిగా నడుస్తాను.

మీ పెదనాన్న