ఆ ఎర్ర పొడి చెదలు కాదండీ

వేళచ్చేరిలో మీరు కొన్న పాత తోలు బైండింగు పుస్తకాలు, అదే ఇంగ్లీషు చరిత్రకారుడు గిబ్బన్ రాసిన రోమ్ చరిత్ర సెట్టు, ముట్టుకుంటే చేతికి ఎర్ర పొడి అంటుతోందని, కొబ్బరి నూనె రాయొచ్చా అని అడిగారు. దయచేసి రాయకండి. షూ పాలిష్ కూడా వద్దు. నూనె తోలును నల్లబరుస్తుంది, అట్టలోకి ఇంకుతుంది. పైగా మన చెన్నై ఉక్కలో బూజుకి పీట వేసి పిలిచినట్టే.

దీన్ని రెడ్ రాట్ అంటారు. చెట్ల బెరడుతో పదును చేసిన తోలులో, గాలిలోని సల్ఫర్ కాలుష్యం వల్ల ఏళ్ల తరబడి ఆమ్లం పేరుకుని పీచు పొడైపోతుంది. 19వ శతాబ్దపు బైండింగుల్లో ఇది మహా మామూలు. పోయిన తోలు తిరిగి రాదు కానీ రాలడం ఆపొచ్చు. క్లూసెల్ జి అనే పొడిని (పొడైన తోలును పట్టి ఉంచే ఒక రకం సెల్యులోజ్) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒకటి రెండు శాతం కలిపి, మెత్తటి బ్రష్‌తో పల్చగా పూయండి. మొదట వెనకవైపు అట్ట మూలన కాస్త రాసి, ఆరాక చూడండి. రంగు ముదిరితే ఆపేయండి. కిటికీలు తెరిచి, స్టవ్‌కి దూరంగా చేయండి. తడిగుడ్డ మాత్రం తగలనివ్వకండి, ఆ తోలు మీద నల్ల మరకలు పడతాయి.

బీరువాను బయటి గోడకి ఆనించకండి. గదిలో తేమ 50 శాతం దగ్గర ఉంటే చాలు.

ధర సంగతి: గిబ్బన్ మొదటి ముద్రణ 1776 నుంచి 1788 దాకా ఆరు సంపుటాలుగా వచ్చింది. మీది ఎనిమిది సంపుటాలంటున్నారు కాబట్టి తర్వాతి ముద్రణే. అమ్మినవాడు ‘ఫస్ట్ ఎడిషన్’ అని ఎక్కువ తీసుకుని ఉంటే వెళ్లి గట్టిగా అడగండి.