పర్లాకిమిడిలో ఉండి అరుదైన మొక్కల మీద పని మొదలుపెట్టాలంటే

ఎమ్మెస్సీ బాటనీ అయింది, పీహెచ్‌డీకి గైడ్ దొరకట్లేదు, ఏడాది వృథా అవుతుందని టెన్షన్ అన్నావు కదా తమ్ముడూ. గైడ్ కోసం ఎదురుచూడకు. నీకు మహేంద్రగిరి కొండ పక్కనే ఉంది, 2022లో ఒడిశా ప్రభుత్వం దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది, అక్కడ ఒక్క జాతిని ఎంచుకుని ఎన్ని మొక్కలున్నాయి, ఎప్పుడు పూస్తాయి, విత్తనం మొలుస్తుందా అన్నది నోట్స్‌గా రాసుకో (అటవీ శాఖ అనుమతి లేకుండా ఆకు కూడా తెంపకు). ఆ నోట్స్‌తో సునాబెడలోని సెంట్రల్ యూనివర్సిటీ జీవవైవిధ్య విభాగానికీ, కొరాపుట్ జిల్లా జైపూర్‌లోని ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ కేంద్రానికీ మెయిల్ పెట్టు. ఉత్త రెజ్యూమె పంపితే ఎవరూ చూడరు. తర్వాత రఫర్డ్ (ప్రకృతి సంరక్షణ పనులకు డబ్బిచ్చే బ్రిటన్ సంస్థ) ఇచ్చే మొదటి చిన్న గ్రాంటుకు అప్లై చెయ్యి, అది కొత్తగా వచ్చేవాళ్లకే, పీహెచ్‌డీ అక్కర్లేదు.