అమ్మమ్మ మిషన్ మళ్లీ తిరగాలంటే

చిట్టితల్లీ,

అమ్మమ్మ కుట్టుమిషన్ నీ దగ్గరికి చేరిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చక్రం కదలడం లేదట, పాత ఇనుముకి వేసేద్దామా అన్నావట. కాస్త ఆగు. ఆ మిషన్‌కి అలగడం మొదటినుంచీ అలవాటే.

ముందు సూది కిందున్న ప్లేటు విప్పు. గుడ్డని నెట్టే పళ్లు కనిపిస్తాయి. వాటి సందుల్లో నూగూ పాత నూనే కలిసి అట్టకట్టి ఉంటుంది. సన్నటి పుల్లతో గీకి, టూత్‌బ్రష్షుతో దులుపు. ఎర్ర నూగు కనబడితే అది నా పరికిణీదే! కింది దారం చుట్టిన బాబిన్ కూర్చునే షటిల్ కూడా విప్పి చూడు. దాని వెనక చిన్న దారప్పోగు చుట్టుకున్నా చాలు, చక్రం బిగుసుకుపోతుంది.

తర్వాత పైనున్న చిల్లులన్నిటిలో రెండేసి చుక్కలు మిషన్ నూనె వేసి రాత్రంతా వదిలెయ్. పొద్దున దారం తీసేసి, గుడ్డని నొక్కిపట్టే మిషన్ పాదం ఎత్తి, చక్రాన్ని చేత్తో అటూ ఇటూ మెల్లగా ఆడించు. బలం ఉపయోగించకు. ఇంకో నూనె ఏదీ వద్దు. ఒకసారి నేను కొబ్బరినూనె వేశాను. చలికాలం కదా, లోపల గడ్డకట్టి కూర్చుంది. అమ్మ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

పాత సూది తీసే ముందు దాని చదును వైపు ఎటుందో చూసుకో, కొత్తదీ అలాగే పెట్టాలి.

కుట్టాక గుడ్డ కింది వైపు దారం ఉచ్చులు ఉచ్చులుగా వస్తే అందరూ బాబిన్‌నే తిడతారు. చాలాసార్లు తప్పు పై దారానిది. పాదం పైకెత్తి దారం ఎక్కించు, అప్పుడే దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్లల మధ్యకి దిగుతుంది. ఆ బిళ్లల మధ్య నూగు ఉంటే పలచటి గుడ్డముక్క దూర్చి లాగు. అప్పటికీ కుదరకపోతేనే ఆ బిళ్లల స్క్రూ తిప్పు, అదీ పావు చుట్టే.

తోలు బెల్టు జారుతుంటే కొత్తది కొనకు. అర అంగుళం కోసి, మేకుతో చిల్లు పొడిచి, రెండు కొసల్నీ కలిపే ఆ కొక్కేన్నే మళ్లీ తగిలించు. మోటారు పెట్టించమని రిపేరు వాళ్లు చెవిలో జోరీగలా పోరతారు. నీ ఇష్టం, నేనైతే పెట్టించను. కాలు ఆపితే సూది ఆగాలి నాకు.

మొదట పాత చీరముక్క మీద జానెడు కుట్టి ఆ ముక్క నాకు పోస్టులో పంపు. ఫోటో వద్దు, కింది వైపు వేలితో తడిమి చూడాలి.

మీ పెద్దమ్మ