ఇంట్లో, ఆఫీసులో మొక్కలు పెడితే గాలి నిజంగా శుభ్రపడుతుందా?

నాలుగైదు కుండీల వల్ల గదిలోని గాలి చెప్పుకోదగినంతగా శుభ్రపడదు. వాటి అసలు మేలు కంటికీ మనసుకూ కలిగే ఊరట, దానితోపాటు గాలిలో కాస్త పెరిగే తేమ.

రంగులు, ప్లైవుడ్ జిగురు వంటి వాటి నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్, బెంజీన్ ఆవిరులను ఆకులు, కుండీ మట్టిలోని సూక్ష్మజీవులు పీల్చుకునే మాట నిజమే గానీ, ఆ పని చాలా నెమ్మదిగా సాగుతుంది. కిటికీల నుంచి, తలుపు సందుల నుంచి వచ్చిపోయే గాలి అంతకంటే ఎన్నో రెట్లు వేగంగా వాటిని బయటకు తీసుకుపోతుంది. గాలి రాకపోకలతో సమానమైన ఫలితం రావాలంటే చదరపు మీటరుకు కనీసం 10 మొక్కలు, ఒక్కోసారి 1000 దాకా కావాలని 2019లో వెలువడిన ఒక సమీక్ష లెక్కగట్టింది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల పడకగది సుమారు 9 చదరపు మీటర్లు కాబట్టి, అతి తక్కువ లెక్కన చూసినా 90 కుండీలు పెట్టాలి, అప్పుడు మంచానికి చోటుండదు.

ఈ అపోహకు మూలం 1989 నాటి నాసా ప్రయోగం. అందులో మొక్కలను గాలి చొరబడని చిన్న పెట్టెల్లో ఉంచి పరీక్షించారు. ఆ ఫలితాన్ని తలుపులు తెరిచి మూసే ఇళ్లకు యథాతథంగా అన్వయించడమే పొరపాటు. రాత్రిపూట మొక్కలు ఆక్సిజన్ లాగేసుకుంటాయన్న భయమూ ఇలాంటిదే: పక్కన నిద్రపోయే మనిషి పీల్చేదాంతో పోలిస్తే మనీప్లాంటు వాడుకునేది అత్యల్పం.