ఉదయగిరి ముట్టడిలో కుళ్లాయా, శిరస్త్రాణమా?

సందేహం: మా ఉదయగిరి కోట కథను బడిపిల్లల కోసం నాటకంగా రాస్తున్నాను. రాయలవారి రౌతుల తలమీద 'ఇనుప కుళ్లాయిలు' అని రాస్తే, తోటి మాస్టారు 'శిరస్త్రాణాలు' అని దిద్దారు. పిల్లలేమో 'హెల్మెట్లు అంటే పోలా సార్' అంటున్నారు. ఏది ఉంచమంటారు?
– ఒక ఉపాధ్యాయుడు, నెల్లూరు జిల్లా

సమాధానం: మీ తోటి మాస్టారి దిద్దుబాటే ఉంచండి. కుళ్లాయి పారశీక 'కులాహ్' నుంచి మనకు వచ్చింది. అది కొలువుకు పెట్టుకుపోయే పొడుగాటి టోపీ. తిరుమలలో కృష్ణదేవరాయల విగ్రహం తలమీద కనిపించేది, లేపాక్షి పైకప్పు బొమ్మల్లో పెద్దమనుషులు పెట్టుకున్నది ఇదే. శ్రీనాథుడిదిగా చెప్పే చాటువులో 'కుళ్లాయుంచితి, కోక సుట్టితి' అని వాపోయింది కూడా కత్తిదెబ్బలు తిని కాదు, కన్నడ రాజు కొలువులో పడ్డ పాట్లకు. దాని ముందు 'ఇనుప' చేర్చినంత మాత్రాన కుళ్లాయి యుద్ధానికి పనికిరాదు.

శిరస్త్రాణంలో 'త్రాణం' అంటే కాపుదల. ఒంటిని కాచేది తనుత్రాణం, వేళ్లను కాచేది అంగుళిత్రాణం, తలను కాచేది శిరస్త్రాణం. దేనితో చేశారన్నది ఈ మాటకు పట్టదు, దెబ్బ ఆపిందా లేదా అన్నదే లెక్క. రాయలు ఉదయగిరిని పట్టింది 1514లో. ఆ తర్వాత కొన్నేళ్లకే విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, అక్కడి రౌతుల తలతొడుగులకు మెడను కప్పే అంచులు, ముఖానికి అడ్డుగా మరో ముక్క ఉన్నాయని రాశాడు. అవీ వాళ్ల కవచాల తీరువేనట. ఆ కవచాలేమో పచ్చితోలు పొరల మీద ఇనుప రేకులు వేసినవి. కాబట్టి మీ రౌతులకు శిరస్త్రాణం నిక్షేపంగా చెల్లుతుంది, 'ఇనుప' తీసేయండి.

సైనికుడి నెత్తిన ఉన్నదల్లా శిరస్త్రాణం కాదు సుమా. 1914లో ఫ్రెంచి సిపాయిలు గుడ్డ టోపీలతోనే మొదటి ప్రపంచ యుద్ధానికి దిగారు. జర్మన్లవి పైన మొన ఉన్న తోలు టోపీలు. చూడ్డానికి మహా దర్జా! పైనుంచి ఫిరంగి గుళ్ల తునకలు కురిస్తే ఆ దర్జా అక్కరకు రాలేదు. 1915లో ఫ్రెంచివాళ్లు, ఆ వెనకే ఇంగ్లీషువాళ్లు, 1916లో జర్మన్లు ఉక్కువి తెచ్చుకున్నారు. అదే యుద్ధంలో మన సిక్కు సైనికులు తలపాగాలతోనే కందకాల్లో నిలబడ్డారు. ఆ తలపాగాను శిరస్త్రాణం అంటే పొరపాటే. తర్వాత ఉక్కు పోయి కెవ్లార్ నార వచ్చింది, అయినా ఈ మాటను మార్చాల్సిన పని పడలేదు.

నిఘంటువుల్లో దీనికి 'బొమిడికం' అని చక్కటి తెలుగు మాట ఉంది. నాటకంలో ఓ ముసలి రౌతు చేత ఒక్కసారి అనిపించండి, చేత్తో పట్టుకుని చూపిస్తే పిల్లలకు అదే తెలుస్తుంది. హెల్మెట్ మోటారు సైకిలు మీద తెలుగు మాటే, నాకేం పేచీ లేదు. రాయలవారి రౌతు నోట పలికితే మాత్రం జనం నవ్వుతారు.

కరపత్రం అచ్చుకిచ్చేటప్పుడు 'స్త్రా' కింద త-వత్తు, ర-వత్తు రెండూ పడ్డాయో లేదో చూసుకోండి. 'శిరస్రాణం' అనీ 'శిరస్త్రానం' అనీ చాలాచోట్ల కనిపిస్తోంది, రెండూ తప్పే.