రొమేనియా సినిమా ‘అఫెరిం’లో రోమాలను అన్ని మాటలనడం వ్యంగ్యమా, అవమానమా?

సినిమా పొడుగునా రోమా జనాన్ని (జిప్సీలని పిలిచేది వీళ్లనే) ‘కాకులు’ అంటూ తిడుతూనే ఉంటారు కదా, దీన్ని వాళ్లకు ప్రాతినిధ్యం అని ఎలా అంటారు అని ఒకరు అడిగారు. నేనైతే అంటాను.

నేను రొమేనియాలోని యాష్‌లో మెడిసిన్ చదివాను. నా రంగు చూసి కొందరు నన్నూ రోమా అనుకునేవారు. ఒకసారి సూపర్ మార్కెట్లో సెక్యూరిటీ అతను నేను బియ్యం దగ్గరుంటే బియ్యం దగ్గరికి, సబ్బుల వైపు వెళ్తే అక్కడికి వెనకాలే వచ్చాడు. బిల్లు కట్టేటప్పుడు ఫోన్లో అమ్మతో మాట్లాడుతుంటే విని, “ఇండియానా?” అని అడిగాడు. ముఖమంతా నవ్వు చేసుకుని పాత హిందీ సినిమా పాటొకటి అందుకున్నాడు. అంతసేపు వెంటపడ్డందుకన్నా ఆ నవ్వుకే నాకు ఎక్కువ బాధేసింది. రోమాల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట ఉత్తర భారతం నుంచి వెళ్లినవాళ్లే. వాళ్ల భాష హిందీకి చుట్టం.

ఇక సినిమా. 2015లో రాదు జూదె తీశాడు, బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడిగా సిల్వర్ బేర్ అవార్డు వచ్చింది. కథ 1835లో, ఇప్పటి రొమేనియా దక్షిణ భాగమైన వలాకియాలో. దొర భార్యతో సంబంధం పెట్టుకుని పారిపోయిన కార్ఫిన్ అనే రోమా బానిసను పట్టుకోవడానికి కొస్తాందిన్ అనే పోలీసు జవాను కొడుకుతో కలిసి గుర్రాల మీద బయల్దేరతాడు. అక్కడ రోమాలు దాదాపు 500 ఏళ్లు బానిసలుగా బతికారు. మఠాలకూ దొరలకూ వాళ్లు ఆస్తి. వలాకియాలో చివరి బానిసలకు విముక్తి దొరికింది 1856లో. నాతో చదివిన కొందరు రొమేనియన్లకే ఈ సంగతి సరిగ్గా తెలియదు.

సినిమాలో దారిలో ఒక క్రైస్తవ పూజారి తగులుతాడు. ఒక్కో జాతినీ పేరుపెట్టి తిట్టుకుంటూ పోయి, యూదులు అసలు మనుషులే కాదంటాడు. వింటే అతిగా అనిపిస్తుంది. కానీ ఇందులో చాలా మాటలు 19వ శతాబ్దపు పుస్తకాల నుంచి, పత్రాల నుంచి తీసుకున్నవే. అందుకే ఆ తిట్లను మెత్తబరచకపోవడం సరైన పనే అంటాను. మెత్తబరిస్తే అప్పటి దొరలకు మేలు చేసినట్టవుతుంది.

అసలు దెబ్బ కొస్తాందిన్ దగ్గర ఉంది. నోరు తెరిస్తే సామెత, జోకు. మనకు ఇట్టే నచ్చేస్తాడు. ఆ మనిషే దారిలో దొరికిన రోమా పిల్లాణ్ని తిరునాళ్లలో అమ్మేస్తాడు. కార్ఫిన్‌ను వదిలేద్దాం నాన్నా అని కొడుకు అడుగుతాడు, వినడు. దొరతో నీ తరఫున మాట్లాడతానని కార్ఫిన్‌కు మాటిస్తాడు, మాట్లాడతాడు కూడా. దొర మాత్రం అందరి ముందూ కార్ఫిన్ మగతనాన్ని తన చేత్తో కోసేస్తాడు. కొస్తాందిన్ కూలి డబ్బులు తీసుకుని కొడుకుతో వెళ్లిపోతాడు. దుర్మార్గుడి చేత చేయిస్తే చూసి మర్చిపోయేవాళ్లం. జూదె నచ్చిన మనిషి చేత చేయించాడు కాబట్టే తప్పించుకోలేం.

లోటు లేదా అంటే ఉంది. కథంతా జవాను వెంటే నడుస్తుంది కాబట్టి పట్టుబడేదాకా కార్ఫిన్ మనకు కనిపించడు. దొర భార్య సుల్తానాకైతే దక్కింది మరీ తక్కువ. కాబట్టి రోమాల మనసు తెలుసుకోవాలంటే ఈ సినిమా చాలదు, దానికి వాళ్లు చెప్పుకున్న కథలే కావాలి. వాళ్లను అమ్మినవాళ్లు ఎలా మాట్లాడేవారో, ఎలా నవ్వేవారో తెలియాలంటే మాత్రం తప్పక చూడండి.